సర్కారు తుమ్మ, బళ్ళారి జాలి, మన గురునాథ్ గారు

1991 జూలై 8న మన విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో సహాయకునిగా చేరిన శ్రీ గురునాథ్ గారు ఈ నెలాఖరున ప్రధాన గ్రంథపాలకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. రాయచూరు పట్టణపు పాత తెలుగు కుటుంబంలో జన్మించి, తెలుగు, కన్నడ, ఉర్దూ భాషలను ఒకే వాక్యంలో ఇమిడ్చి మాట్లాడగల వీరి వద్ద పనిచేయడం నా భాగ్యం.

గ్రంథాలయాన్ని కంప్యూటరీకరించిన ఘనత వీరిదే. క్రమశిక్షణలో మాత్రం మాకందరికీ కొరకరాని కొయ్య; నీళ్ల సీసాను కూడా లోపలికి రానిచ్చేవారు కారు.

అటువంటివారు పదేళ్ల క్రితం పఠన మందిరంలోకి ముళ్లకొమ్మలు తెప్పించారు! గోరేబాళకు చెందిన అటవీశాస్త్ర విద్యార్థిని లక్ష్మీతిరుపతమ్మ కాలువగట్ల చెట్లపై తన తొలి పరిశోధనా వ్యాసం రాస్తోంది. వారంలో సమర్పించకుంటే పరిశోధక విద్యార్థినిగా ఆమె సీటు పోతుంది. రైతులు చెప్పిన పేర్లనే నమ్ముకుని, సర్కారు తుమ్మను, బళ్ళారి జాలిని వేర్వేరు చెట్లుగా లెక్కగట్టింది.

"బళ్ళారి జాలి మీద పుస్తకాలు కావాలండీ. దాని శాస్త్రీయ నామం ఎక్కడా దొరకట్లేదు."

"సర్కారు తుమ్మనే కన్నడంల గట్ల అంటరు గదమ్మా! నా మాట నమ్మకు. రెండిటి కొమ్మలు పట్కరా, పుస్తకంల చూద్దాం."

మర్నాడు వృక్షశాస్త్ర గ్రంథం ముందుంచుకుని ఇద్దరూ ఆకులు, ముళ్లు, కాయలు సరిచూశారు. రెండూ ఒకటేనని తేలేసరికి ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నా సర్వే అంతా పోయినట్టేనాండీ?"

"ఏం పోలే బిడ్డా, ఫికర్ చెయ్యకు. రెండు లెక్కలు కలుపు. దొంగలు ఇద్దరు గాదు, ఒక్కడే. గట్టంత వాడే మింగిండు."

కాలువగట్లను ఆక్రమించింది ఒక్క చెట్టేనన్న ఆ ముక్కే వ్యాసానికి ప్రాణమైంది. శాస్త్రీయ నామంతో వెతికి, అవసరమైన గ్రంథాలన్నీ వీరే ఆమె ముందుంచారు. వ్యాసాన్ని గడువులోనే సమర్పించింది, అది ఆమోదమూ పొందింది. నాటి నుండి మన కంప్యూటరులో ఒక చెట్టును ఏ భాషలో అడిగినా అవే పుస్తకాలు చూపేలా వీరు ఏర్పాటు చేశారు. ఇతర గ్రంథాలయాలవారు వచ్చి చూసి వెళ్తుంటే మాకెంత గర్వమో!

నేడు లక్ష్మీతిరుపతమ్మ గారు మన అటవీశాస్త్ర విభాగంలోనే సహాయ ఆచార్యులు. మొన్న తన విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చారు.

"రేపు నేనుండ గదా, వీళ్లు ఎవర్ని అడుగుతరు?" అన్నారు గురునాథ్ గారు.

"మిమ్మల్నేనండీ. మీ ఫోన్ నెంబరు అందరికీ ఇచ్చేశాను."

ఆ పిలుపులన్నింటికీ ఓపికగా బదులిచ్చేటంత ఆయురారోగ్యాలు వారికి నిండుగా కలగాలని, ఆ ఫోన్ మోగుతున్నంతకాలం సతీమణి వాణి గారు మమ్మల్ని మన్నించాలని ప్రార్థిస్తున్నాము.

— వాసుదేవ్, ఉప గ్రంథపాలకుడు