రాయమల్లు పళ్లు

తుకుం బస్తీలోని పళ్ల దవాఖానలో నా వంతు కోసం కూర్చుంటే, లోపల డాక్టరమ్మ ఒక బొగ్గుగని కార్మికునితోని మాట్లాడేది వినపడింది.

"ఘుగ్గుస్ దగ్గర పాత గనిలో ఎవరివో ఎముకలు దొరికినయి. పోలీసులు పుర్రె తెచ్చి చూపించిండ్రు. దాని పళ్లు మా దగ్గరున్న ఒక ఎక్స్‌రేకు అచ్చు సరిపోయినయి. దాని మీద పేరు రాయమల్లు."

"రాయమల్లు నేనే గద మేడం. బతికే ఉన్న."

"అందుకే పిలిపించిన. ఏదీ, నోరు తెరువుండ్రి... ఆ ఎక్స్‌రేలో ఉన్న సిమెంటు మీ పళ్లకు లేనే లేదు. మూడేండ్ల కింద మీ గని వైద్యం కార్డు మీద పుచ్చిన దవడ పన్నుకు సిమెంటు పెట్టించుకున్నదెవరు?"

"కార్డు నాదే మేడం."

"చెప్పుండ్రి. మిమ్మల్ని ఎవరూ ఏమనరు."

"మా తమ్ముడు మేడం, మారుతి. ఠేకేదారు కింద కాంట్రాక్టు పనోడు, వానికి కార్డు లేదు. నొప్పితోని బుక్క నమలలేకపోతుంటే నా కార్డిచ్చి పంపిన. పళ్లకు పేరెవరు చూస్తరనుకున్న."

"ఆయన ఇప్పుడు ఎక్కడున్నడు?"

"పోయిన దసరా నుంచి ఇంటికి రాలే. యాడనో పని దొరికిందని అమ్మకు చెప్పుకుంటొస్తున్న."

"నేను రిపోర్టు రాయాలె."

"వాని పేరే రాయుండ్రి మేడం. మళ్లా నా పేరు మీద పంపకుండ్రి వాన్ని."