చేపల పంచనామా

బూర్గంపాడు రేవులో ముత్తక్క చిరిగిన వల కుడుతోంది. రాంచందర్ లాంటి చెరువుల ఆసామి కాగితం పట్టుకుని ఆమె దగ్గరకు నడిచొచ్చాడంటే, అవసరం గట్టిదే అయి ఉండాలి.

"వేలిముద్రే గద ముత్తక్కా, గింత సేపు బతిమాలిపిచ్చుకుంటవేంది?"

"ముద్ర నాది గద పటేలా. దేనికో చెప్పు ముందు."

"క్యాట్‌ఫిష్ పెంచొద్దని సర్కారు ఆర్డరొచ్చింది. ఉన్నయన్నీ చంపి బొంద పెట్టాల్నట. పెట్టిన. చేపలోళ్ల సొసైటీకి పెద్దవు, నువ్వు చూసినవని సాక్షి."

"నేనెప్పుడు చూసిన?"

"చూసిననుకో."

"అనుకుంట. బొంద యాడ తీసినవ్?"

"గాడనే... చెరువు పక్కన."

"రెండెకరాల చెరువు చేపలు బొంద పెడితే ఊరంత వాసన లేవాలె. మాకు ఒక్క కాకి సుత కనబడలె."

"గవన్నీ నీకెందుకక్కా? జల్దీ వెయ్యి, ఆఫీసు బంద్ అయితది."

"గోదాట్ల ఇడిచినవా?"

"ఎండ దంచుతాంది. నీడకు కూసోరాదు?"

"నిన్నే అడుగుతున్న. ఇడిచినవా?"

"పాణం ఒప్పలేదక్కా. కోడిపేగులేసి సాదిన. చేతులార చంపుతమా? రాములోరి గోదారి, పుణ్యమొస్తదని..."

"ఎంత దయ పటేలా నీది. పొద్దుగాల నీ పుణ్యమే మీసాలు తిప్పుకుంట నా వలల పడ్డది. వల గిట్ల చింపింది అదే. కడుపు కోస్తే అండ్ల ఏమున్నయో ఎరికేనా? బొచ్చె పిల్లలు, వాలుగ పిల్లలు, పరకలు. వచ్చే ఏడు మేం పట్టుకొని బతకాల్సినయ్."

"గోదారి ఎంత పెద్దది! వరదకు కొట్టుకపోయి సముద్రంల కలుస్తయ్ తియ్యి."

"కలిసేదాంక ఉపాసముంటయా? భద్రాచలం కాడికెల్లి సముద్రం ఒడ్డు దాంక తీర్థయాత్రకు తోలినవ్. దారి పొడుగూతా వాటికి భోజనాలే. కింద ఊర్లల్ల చేపలోళ్లు సుత నీ పేరు చెప్పుకొని బతుకుతరులే."

"అయిందేదో అయింది. వెయ్యమంటే వెయ్యవు, లెక్చరిస్తవు."

"నాకు సదువు రాదు. ఏం రాసిందో సదువు."

"'సదరు రాంచందర్ చేపలన్నిటినీ సమూలంగా నాశనం చేసినాడని ధ్రువీకరించడమైనది.' గంతే."

"ఏ చేపలో రాయలేదా?"

"లేదు."

"గట్లయితే అండ్ల అబద్ధమేం లేదు. ఇటు తే, ముద్రేస్త."