పూల్‌సింగ్ ఊపిరితిత్తులల్ల తారురోడ్డు

పాల్వంచల మెయిన్‌రోడ్డు పక్కనే ఇల్లు, ఇంటి ముందే పంచర్ల షాపు. ఇరవై ఏండ్ల సంది పూల్‌సింగ్, ఆయన పెండ్లాం సక్రి బతుకు అక్కడనే. వారం రోజులు దవాఖానాల ఉండి మొన్ననే వచ్చిండు. ఇయ్యాల పొద్దుగాలే సైదమ్మ హోటల్ కాడ బెంచీ మీద కూసొని, "అందరికీ చాయ్ పొయ్యి సైదమ్మా, నా తరఫున" అన్నడు. పక్కన లారీ డ్రైవర్ జస్టిన్, ఇంకో నలుగురు ఉన్నరు. ఇంతమంది దొరికినంక పూల్‌సింగ్ నోరు ఊకుంటదా!

"బొగ్గు లారీల దుమ్ము, పొగ, అంతా నా ముక్కులకే గదా. ఇంకొకడైతే ఏడాదికే మంచం పట్టేటోడు. నాకు ఇంత దగ్గు వచ్చింది, గంతే. భద్రాచలం పోతే డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి, ఎగిరి పక్కకు దుంకింది. ఎందుకో తెలుసా? లోపల్నుంచి లారీ హారన్ ఇనవడ్డది!"

"అబ్బో!" అన్నది సైదమ్మ, గిలాసలు కడుక్కుంటనే.

"ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నడిమి నుంచి తారురోడ్డు పోతున్నది, పక్కకు కిలోమీటరు రాయి గూడ ఉన్నది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తుమ్మిన. ఒక్క తుమ్ముకు ట్రాక్టరు నిండ దుమ్ము రాలింది. దాంతోటి ఊరి గుంతలన్నీ పూడ్చిన్రు! ఇగ ఊది చూపియ్యమని మిషన్ ఇస్తే, అది కిటికీల నుంచి ఎగిరి గోదావరి అవతల పడ్డది. నా గాలికి వరద రెండడుగులు ఎనక్కి జరిగింది!"

జస్టిన్ గిలాస కింద పెట్టిండు. "కాకా, నువ్వు ఊదేటప్పుడు పక్కన పట్టుకున్నది నేనే. దాంట్ల ముల్లు జరగనే లేదు. ఆ దినం పొద్దుగాల ఊపిరాడక షాపు ముందు పడ్డవ్. మా సక్రి చిన్నమ్మ రోడ్డుకు అడ్డం నిలవడి నా లారీ ఆపింది. భద్రాచలం దాక నువ్వు నా అంగీ ఇడవలే. 'హారన్ కొట్టకు బిడ్డా, గుండె అదురుతున్నది' అన్నవ్."

బెంచీ అంతా గొల్లుమన్నది. పూల్‌సింగ్ మాత్రం నవ్వలే. రోడ్డు దాటాలంటేనే భయపడే సక్రి, ఆ దినం కొంగు ఊపుకుంట లారీకి ఎదురువోయింది. రోడ్డు మీది గదిల ఇంక పండుకోవద్దని డాక్టరమ్మ చెప్పిందని తెల్వంగనే, సైదమ్మ సందుల ఉన్న తన ఎనక అర్ర తాళం తీసిచ్చింది. రెండు దినాలాయె, దగ్గు లేకుండ తెల్లారుతున్నది.

కండ్లు తుడుచుకొని జస్టిన్ చెయ్యి పట్టుకున్నడు.

"అవ్ బిడ్డా. ఆ దినం నువ్వు బ్రేకు తొక్కకపోతే, ఇయ్యాల గీ కోతలు కోసే నోరే ఉండకపోతుండె."