దుమ్ములోంచి వచ్చే గ్రాంటు

సిమెంటు ఫ్యాక్టరీ పక్కనున్న ఉచిత ఆసుపత్రిలో, డాక్టరమ్మ ఎదుట ఫ్యాక్టరీ యజమాని పెట్టిన ఫౌండేషన్ అధికారి నిలబడ్డాడు.

"మందుల గ్రాంటు రెట్టింపు చేశామమ్మా."

"నేనడిగింది మందులా? మీ పొగగొట్టానికి దుమ్ము ఆపే ఫిల్టరు."

"అది కంపెనీ పని. మాది దానధర్మం."

"ఆ దానానికి డబ్బెక్కడిది?"

"సారు ఫౌండేషన్‌కి రాసిచ్చిన షేర్లమీద వచ్చే లాభం."

"ఏ కంపెనీ షేర్లు?"

"ఈ కంపెనీవే."

"మరి ఫిల్టరు పెడితే?"

"లాభం తగ్గుతుంది, మీ గ్రాంటూ తగ్గుతుంది."

"తగ్గనివ్వండి. రోగులూ తగ్గుతారు. ఇదే మాట మీ పైవాళ్లకి రాయండి."

"రాస్తే నా ఉద్యోగం ఊడుతుందమ్మా."

"అయితే కిటికీ పక్క మంచంలో ఊపిరాడని పిల్ల ఉంది. వెళ్లి దానికే చెప్పండి, రాయనని."

అతను వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"చెప్పారా?"

"మీ ఆఫీసులోనూ ఇంత దుమ్ముంటుందా అనడిగింది. ఉండదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ ఫిల్టరు సంగతి చెప్పండమ్మా, రాస్తాను."