కంచెలో కన్నం

చిట్టడవి అంచున, కంచెలో జనం దూరే కన్నానికి అడ్డంగా తమ్ముడు కొత్త తీగచుట్ట విప్పుతున్నాడు. అక్క కాగితాల కట్టతో వచ్చి ఆ కన్నంలోనే నిలబడింది.

“తప్పుకో అక్కా. వచ్చే వారం బిల్డరుకి రాసిచ్చేస్తున్నా.”

“చెట్టన్నది మిగలదురా. పార్కుకిస్తే ఆ ధరే మునిసిపాలిటీ ఇస్తానంది కదా?”

“నా నేల, నా ఇష్టం. మధ్యలో మీ సంఘం పెత్తనమేంటి?”

“రేపు మునిసిపాలిటీ విచారణలో ఈ కాగితాలిచ్చి, ఈ దారి జనానిదని చెప్తాం. నలభై ఏళ్ళుగా ఇందులోంచే నడుస్తున్నారు.”

“కంచె కోసి దూరడం కూడా హక్కేనా? కోసిందెవడో చెప్పు, కేసు పెడతా!”

“చెప్పమంటావా?”

అతని చేతిలో కటింగ్ ప్లయర్ ఆగిపోయింది.

“మన చిన్నప్పుడీ నేల నీది కాదు, ఎవరో ఆసామిది. నాన్న ప్లయర్ ఎత్తుకొచ్చి నువ్వే కోశావు, నేను కాపలా కాశాను. ‘ఇంత అడవీ ఒక్కడికేనా అక్కా?’ అన్నావు.”

“ఆ కాగితాల్లో అది కూడా రాశావా?”

“అంతా రాశాను, నీ పేరు తప్ప. సాక్షి సంతకం దగ్గర ఖాళీగా ఉంచాను.”

అతను కాగితం లాక్కున్నాడు. చింపేస్తాడనే అనుకుంది. మొదటినుంచి చివరిదాకా చదివి, చెయ్యి చాపాడు.

“పెన్నివ్వు. తప్పు రాశావ్. నలభై కాదు, నలభై రెండేళ్ళు.”