అహరోను సముద్రం దాకా నడిచిన ముచ్చట

చెన్నూరు బస్టాండుకు ఎదురుంగ షరీఫ్ చాయ హోటల్. ఆదివారం చర్చిల ప్రార్థన అయిపోంగనే అహరోను తెల్ల అంగీ నలుగకుంట సక్కగ ఆడికే వస్తడు. బియ్యం గోదాముల వాచ్‌మెన్‌గ చేసి రిటైరైన మనిషి, యాభై తొమ్మిదేండ్లు. తాగేది ఒక్క చాయనే గని నాలుగు చాయలు సల్లారేదాక ముచ్చట చెప్తడు.

ఆ ఆదివారం బల్ల మీద ఇద్దరున్నరు. ఒకలు గంగయ్య, పత్తి రైతు, అహరోను కంటె పదేండ్లు పెద్ద, మాట తక్కువ. ఇంకొకలు యాస్మీన్, ఆడపిల్లల హాస్టల్ బడిల టీచరు. ఆమె ఊరికె వచ్చి కూసోలే. సెలవులల్ల ఇరవై మంది ఆడపిల్లలను జైనూర్ దిక్కు అడివిల ఒక్క దినం నడిపించాలని ఆమె మూడేండ్ల సంది అనుకుంటున్నది. పర్మిషన్ ఈసారి దొరికింది. తొవ్వ ఎరిగి ముందట నడిచే మనిషే దొరుకలే. షరీఫే చెప్పిండు, "అహరోను భాయ్ మొన్న క్రిస్మస్ అయినంక అయిదు దినాలు నడిచొచ్చిండట, అడిగి చూడుండ్రి మేడం," అని.

అహరోను గిలాస అందుకొని, ఒక్క గుక్క తాగి, కింద వెట్టిండు.

"నాకు ఎచ్చులు చెప్పుడు రాదు మేడం, ఉన్నది ఉన్నట్టు చెప్త. హైదరాబాద్ నుంచి నడక సంఘమోళ్ళు పది మంది వచ్చిండ్రు, మూడు దినాలు అడివి, రెండు దినాలు సముద్రం ఒడ్డు. ఈ దిక్కు మనుషులు ఇద్దరు తోడు గావాలంటె మా పాస్టర్ సాబ్ నా పేరు, మా ఇంటామె రిబ్కమ్మ పేరు ఇచ్చిండు. మొదటి దినం ఎనిమిది కిలోమీటర్లు. గంతే. జైనూర్ దాటినంక తారు రోడ్డు ఒడిసి మట్టి తొవ్వ వడ్తది గద, ఆడ బండి దిగినం. వాళ్ళకేమొ ఒక్కొక్కలకు రెండేసి చేతికట్టెలు, వీపు మీద సంచి, సంచిల నుంచి నోట్లెకు నీళ్ళ పైపు. నాకేమున్నది, మెడల తువ్వాల. ఎనిమిది కిలోమీటర్లు ఒక్క కాడ కూసోకుంట, చుక్క నీళ్ళు తాగకుంట నడిచిన."

"నడుస్తరు," అన్నడు గంగయ్య. "మా చేనుకాడికి రెండు మాట్ల పోయొస్తె గంత అయితది."

అహరోనుకు ఆ మాట సయించలే. బల్ల మీద జర ముందటికి జరిగిండు.

"నేనూ అదే అంటున్న మామ, ఎనిమిది కిలోమీటర్లు ఒక లెక్కనా. వాళ్ళల్ల ఒక కంప్యూటర్ పిలగాడు ఉండె, అడుగులు లెక్కవెట్టే గడియారం చేతికున్నది, ముచ్చటకని నాకు కట్టిండు. సాయంత్రం విప్పి చూస్తె పది పన్నెండు వేలు ఉండాలె. ఎంతున్నదో ఎరుకేనా? లక్ష దాటింది. దాటినంక దానికి అంకె వట్టలే, మల్ల సున్న కాడికెల్లి మొదలువెట్టింది. పిలగాడు పరేషాన్. కంపెనీకి ఫోన్ కొట్టిండు. వాళ్ళేమన్నరు? గది మనుషులకు చేసిన గడియారం సార్, మోటరుకు కట్టకుండ్రి అన్నరు."

షరీఫ్ నవ్వుకుంట పాలు కలిపిండు. యాస్మీన్ పుస్తకం తెరిచింది గని ఇంక ఏం రాయలే.

"తొవ్వ సంగతి చెప్పుండ్రి అంకుల్. పిల్లలు తప్పిపోతరేమో అని నా భయం."

"ఆ తొవ్వ నన్నడుగుండ్రి. రెండో దినం మాకు ముందట నడిచే గైడు మూడు తొవ్వలు కలిసేకాడ నిలవడ్డడు. ఇటు చూస్తడు, అటు చూస్తడు, ఫోన్ల సిగ్నల్ లేదు. నేను వంగి పిడికెడు మట్టి తీసి వాసన చూసిన. ఎడమకు పోతె వాగు, కుడికి పోతె గుట్ట, నడుమ తొవ్వల పోతె ఊరు, ఊర్లె మొదటి ఇంట్ల పొయి మీద జొన్నరొట్టె ఉన్నది, జల్ది నడువుండ్రి మాడుతది అన్న. పోయినం. నిజంగనే ఒక అవ్వ రొట్టె తిప్పుతున్నది. ఒక దిక్కు జర మాడనే మాడింది, ఈ హైదరాబాదోళ్ళు ఫోటోలు తీసుకుంట ఆల్శం చేసిరి గద."

"మట్టిల రొట్టె వాసన తెలిసిందా అంకుల్?"

"తెలుస్తది మేడం. అడివిని చదువుకోవాలె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరు దాటి మల్ల అడివిల వడ్డం. టేకాకులు ఎండి పాపడాల లెక్క ఉన్నయి, అడుగేస్తె పటపట అంటున్నయి. మేము పన్నెండు మందిమి. నేను చెవులతోని లెక్కవెడ్తున్న, పదమూడు మంది నడుస్తున్నట్టు చప్పుడొస్తున్నది. తిరిగి చూస్తె వరుసల ఆఖర్న పులి."

"పులికి నాలుగు కాళ్ళు గద," అన్నడు గంగయ్య. "పద్నాలుగు మందిది రావాలె చప్పుడు."

అహరోను మెడల తువ్వాల సవరించుకున్నడు.

"కుంటుతున్నది మామ. కాళ్ళె ముల్లు ఇరిగింది పాపం. అందరు చెట్టుకొకలు అయిండ్రు. నేను పోయి, దాని కాలు నా తొడ మీద వెట్టుకొని, పిన్నీసుతోని ముల్లు తీసిన. ముందుగాల చుట్టు జర ఒత్తాలె, తర్వాత పక్కకెల్లి లేపాలె, సీదా గుచ్చితె లోపలికి పోతది."

"పిన్నీసు నీ దగ్గరెందుకున్నది భాయ్?" అన్నడు షరీఫ్.

"ఉంటది. మనిషన్నంక అన్ని ఉంచుకోవాలె. ముల్లు తీసినంక అది పోతదా? పోదు. నా వెనుకనే రెండు కోసులు నడిచింది. గుట్ట ఎక్కేటప్పుడు దానికి ఆయాసం వచ్చింది, నాలిక బయటవెట్టి కూలవడ్డది. నేనేమొ నడుస్తనే ఉన్న. పాపమని వెనుకకొచ్చి గ్లూకోజు బిస్కట్లు వెట్టిన. మొత్తం పుడ తిన్నది, కాయిదం మాత్రం తినలే. జంగల్ల చెత్త ఎయ్యద్దని దానికి ఎరుకే."

అప్పుడే రోడ్డవతల ఒక తెల్ల టెంపో ఆగింది. జోయల్ దిగి వచ్చి అహరోను వెనుక, పొయి పక్కన కూసున్నడు. ముప్పై అయిదేండ్లోడు, అహరోను చర్చికే వస్తడు. ఆ నడక సంఘమోళ్ళకు బండి కట్టింది గూడ జోయలే. అయిదు దినాలు సామాన్లు మోసుకుంట వాళ్ళెంబడి ఆ బండి పోయింది. షరీఫ్ పలుకరించబోతె, కానియ్యి అన్నట్టు జోయల్ చెయ్యి ఊపిండు. అహరోను అతన్ని చూడలే.

"మరి రిబ్కమ్మ ఆంటీ గూడ నడిచిందా?" అన్నది యాస్మీన్.

"ఆమె ఏడ నడుస్తది మేడం. మోకాళ్ళ నొప్పులాయె. సామాన్ల బండిల కూసోవెట్టిన. అద్దం ఎక్కించుకొని సల్లగ కూసో, నేను సాయంత్రం వచ్చి ముచ్చట చెప్త అన్న."

జోయల్ తాగేతాగే చాయ ఆపి, గిలాస దిక్కు చూసిండు.

"ఇగ సముద్రం వినుండ్రి. బండి రాత్రంత నడిచి భీమిలి కాడ దింపింది. పొద్దుగాల ఒడ్డెంబడి నడక. ఇసుకల నడుసుడు అంటె నవ్వులాట గాదు, కాలు ఒక జానెడు లోపలికి పోతది, తీసేసరికి పిక్కలు గుంజుతయి. నేను జోరువెట్టిన. నా కాళ్ళ వేడికి వెనుక ఇసుక గట్టివడి సీసీ రోడ్డు లెక్కయింది. ఊరోళ్ళు ఇద్దరు మోటర్‌సైకిల్ మీద నా వెనుకనే వచ్చిండ్రు, ఎన్నటి సంది అడుగుతున్నం సార్ గీ రోడ్డు, మీరే ఏసిండ్రు అని దండం వెట్టిండ్రు. అటు నీళ్ళల్ల ఒక ఓడ పోతున్నది. దాని కెప్టెన్ దుర్బిన్‌ల ఒడ్డు దిక్కు చూసిండు. నేను ఓడను దాటి పోతున్న. ఏమైందో ఎరుకేనా? తన ఓడ వెనుకకు పోతున్నదనుకొని లంగరు ఏసిండు."

"ఇంక తియ్యలేదా లంగరు?" అన్నడు గంగయ్య.

"తీసిండు కావచ్చు మామ, నేను ఆగి చూడలే. పొద్దుమీకి చేరాల్సిన బసకాడికి పొద్దుగాలనే చేరిన. నాష్టా ఇంక కాలే ఆడ. ఒక్కన్నే కూసుంటె తోచక సముద్రంలకు దిగిన. మోకాలు దాకనే."

ఇక్కడ అహరోను గొంతు జర తగ్గింది. చేతులు ఊపుడు ఆపిండు.

"గా నీళ్ళు కాళ్ళకు తాకుతయి గద మేడం, అవి మళ్ళిపోయేటప్పుడు మడిమల కింది ఇసుకను మెల్లగ తీసుకపోతయి. మనం కదలం. నిలవడ్డ జాగనే కదిలిపోతున్నట్టు అనిపిస్తది. ఎంత దూరం నడిచొచ్చినా, ఆడ మాత్రం భూమే మన కింద నడుస్తది. భయమైతది. మల్ల ఇంకో అల కోసం చూడబుద్ధయితది."

యాస్మీన్ పెన్ను తీసింది. గడియారం, పులి, ఓడ ఆమె ఒక్కటి నమ్మలే. కని ఈ మాట కాళ్ళు తడువని మనిషి చెప్పేది గాదనిపించింది. నోటికొచ్చింది కలుపుతడు గని, నడిచినోడే అనుకొని పుస్తకంల అతని పేరు రాసింది.

"సరె అంకుల్. వచ్చే శనివారం పొద్దుగాల అయిదింటికి. ఇరవై మంది పిల్లలు, పెద్దోళ్ళం ఇద్దరమే. తొవ్వ తప్పినా, ఎవరికన్న కాలు మడతవడ్డా మీదే భారం. వాళ్ళ తల్లిదండ్రులకు మీ పేరే చెప్త."

"చెప్పుండ్రి," అన్నడు అహరోను. కని ఆ మాట చిన్నగ వచ్చింది. తువ్వాలతోని మెడ తుడుచుకున్నడు.

"మామా, ఒక్క మాట," అన్నడు వెనుకకెల్లి జోయల్.

అహరోను తిరిగి చూసిండు. "అల్లుడా, ఎప్పుడొచ్చినవ్?"

"పులి బిస్కట్లు తినేటప్పుడు." జోయల్ లేచి వచ్చి బల్ల చివర కూసున్నడు. "వేరే ముచ్చటైతె నేను సప్పుడు చెయ్యకపోతుంటి మామా. నువ్వు చెప్తుంటె వినబుద్ధయితది నాకు. కని పిల్లల పానాలు గద."

జోయల్ యాస్మీన్ దిక్కు తిరిగిండు.

"మేడం, మొదటి దినం బండి దిగి రెండు వందల గజాలు పోయినంక బురదల పులి అడుగు గనవడ్డది. పాతదే అని గైడు చెప్పిండు. మామ బూటు కరుస్తున్నదని వెనుకకొచ్చి బండెక్కిండు. ఆడికెల్లి అయిదు దినాలు నా పక్క సీట్లనే. సముద్రం గూడ అద్దంలకెల్లి చూసిందే."

"పులి కరువలే గని బూటు కరిచిందన్నట్టు," అన్నడు గంగయ్య.

షరీఫ్ నవ్వు ఆపుకుంట పాలగిన్నె దిక్కు తిరిగిండు.

"మరి ముల్లు తీసుడు, తొవ్వ?" అన్నది యాస్మీన్.

"అన్ని రిబ్కత్తవి. ఆమె పుట్టినూరు జైనూర్ కాడనే, చిన్నప్పుడు బీడీల ఆకు కోసిన అడివి అది. గైడు నిలవడితె తొవ్వ చూపింది ఆమెనే. ముల్లు ఇరిగింది హైదరాబాద్ పిల్లకు. ఇంకో ఆమె వాగు రాళ్ళల్ల కాలు మడతవడి పడితె, కొంగు చింపి కట్టి, తన భుజం మీద చెయ్యి ఏపిచ్చుకొని మూడు కిలోమీటర్లు తోల్కొచ్చింది. దినాం పొద్దుమీకి బండెక్కి కాళ్ళు చాపుకొని, ఆ దినం ఏం చూసిందో, సముద్రంల కాళ్ళ కింద ఇసుక ఎట్ల జారిందో మామకు చెప్తుండె. మామ వింటుండె. పులిని, ఓడను మాత్రం మామనే కలుపుకున్నడు."

యాస్మీన్ రాసిన పేరు కొట్టేసి, దాని కింద ఇంకో పేరు రాసింది. కోపానికి రాలేదు ఆమె. కని శనివారం పొద్దుగాల మూడు తొవ్వల కాడ ఇరవై మంది పిల్లలు ఈ మనిషి మొకం దిక్కే చూసేటోళ్ళు గద అనుకున్నది.

"ఎందుకు అంకుల్ ఇట్ల?" అన్నది మెల్లగ.

అహరోను ఖాళీ గిలాసను పక్కకు జరిపిండు. లేచి పోతడనుకున్నరు అందరు. పోలే.

"ఆమె బయట ఒక్క మాట చెప్పదు మేడం," అన్నడు. "ఇంట్ల నాకే చెప్తది. గంత నడక నడిచొచ్చి, తెల్లారి మల్ల కట్టెల పొయి ముందట కూసున్నది, ఎవ్వలకు ఎరుక లేకుంట. ఎవలో ఒకలు చెప్పాలె గద. చెప్పుడు మొదలువెడితె నోరు నన్నే ముందట నడిపించింది."

"ఆమెను సామాన్ల బండిల కూసోవెట్టింది గూడ ఆ నోరేనా?" అన్నడు గంగయ్య.

అహరోను తల దించుకున్నడు.

యాస్మీన్ పుస్తకం మూసి లేచింది. "మీ ఇల్లు చూపియ్యుండ్రి. ఆంటీని నేనే అడుగుత. వస్తదా?"

"వస్తది. మోకాళ్ళ నొప్పులు గూడ నాయే, ఆమెకు లెవ్వు." అహరోను గూడ లేచి, అంగీ సవరించుకున్నడు. నాలుగు అడుగులేసి మల్ల ఆగిండు. "మేడం, రిబ్కమ్మకు నడుసుడు వస్తది గని చెప్పుడు రాదు. పిల్లలు నడిచి నడిచి అలిసిపోతరు. ముచ్చట చెప్పేటోడు ఒకడు ఉంటె బాగుంటది."

జోయల్ మొకం పక్కకు తిప్పుకున్నడు. యాస్మీన్ ఆలోచించింది.

"రాండ్రి," అన్నది. "కని బండిల కూసున్నోళ్ళకు ముచ్చట లేదు. ఆంటీ వెనుక నడువాలె. ఎంత దూరం నడిస్తె అంత ముచ్చట చెప్పుండ్రి."

"మొత్తం ఎన్ని కిలోమీటర్లు మేడం?"

"పన్నెండు."

అహరోను తన బూట్ల దిక్కు ఒకపారి చూసుకున్నడు.

"అయితె చిన్న ముచ్చటనే చెప్త," అన్నడు.