పడావు జాగ

మూతబడ్డ మోటరు కార్ఖాన ముండ్లకంచె సందుల నుంచి రెండు గొర్లు లోపలికి దూరినయి. కావలి పిలగాడు కట్టె పట్టుకొని ఉరికొచ్చిండు. గొర్లుగాసే ముసలామె మిగిలిన మందతోని కంచె బయట నిలవడ్డది.

"అవ్వా, గొర్లను ఎల్లగొట్టు! ఇది కంపెనీ జాగ."

"ఏది కొడుకా కంపెనీ?"

"లడాయిల ఇనుమంత తుపాకులకే పోయి, కంపెనీకి దొరకక మూసిపోయిండ్రు."

"కార్లు చేసిండ్రా?"

"ఒక్కటి చేసిండ్రు. అది నడువకపోతే..."

"నడువకపోతే మా ఎడ్లను వెట్టికి పట్టుకపోయి చౌటుప్పల్ సడక్ దాక గుంజిపిచ్చిండ్రు. నాకు తెల్వదా? ఇది ఊరి బంచెరాయి. తాతల కాడికెంచి మా మందలు మేసిన జాగ. కంపెనీకి ఇచ్చిననాడు పట్వారి ఏమన్నడు?"

"పడావు పడ్డదన్నడు. ఎవ్వలూ దున్నుతలేరు, ఊకెనే ఉన్నదన్నడు."

"మందలు మేస్తే పడావా? మరి ఇప్పుడేమున్నది లోపల?"

"రేకుల షెడ్డు. నడుమెత్తు గడ్డి."

"బయట గడ్డిపోస లేక నా గొర్లు సస్తున్నయి. లోపల ఎవలన్న దున్నుతాండ్రా? కార్లు చేస్తాండ్రా?"

"లేదు."

"అయితే దర్వాజ తియ్యి."

"రేపు కంపెనీ దొర వచ్చి అడిగితే నేనేం చెప్పాలె అవ్వా?"

"పడావున్నదని చెప్పు. నాడు మాకు జెప్పిన మాటనే."